హాల్వర్‌లో ఎవరూ కాదనరు

మా హాల్వర్‌లో ఎవరింటికైనా వెళితే మూడోసారి అడిగాక గానీ కాఫీ కప్పు అందుకోకూడదు. మొదటిసారి "అబ్బే, మీకెందుకు శ్రమ" అనాలి. రెండోసారి "ఇప్పుడే తాగొచ్చాను" అనాలి. పళ్ళెంలో ఆఖరి కేకు ముక్క జోలికి ఎవరూ పోరు. ఒకరొచ్చి దాన్ని సగం కోసుకుంటారు, ఇంకొకరొచ్చి ఆ సగంలో సగం. చివరికి చీమకు సరిపడా మిగిలితే అది చెత్తబుట్టలోకి పోతుంది. అమెరికాలో మా మినెసోటా రాష్ట్రంలో ఈ మొహమాటం అన్ని ఊళ్ళలోనూ కొంచెం కొంచెం ఉంటుంది గానీ, మావాళ్ళు అందులో ఆరితేరినవాళ్ళు.

నేను పుట్టి పెరిగింది ఈ ఊళ్ళోనే. పేరు లవాన్, స్కూలు బస్సు తోలుతాను. నోటిదురుసు పిల్ల అని నాకు చిన్నప్పటి నుంచీ పేరు. పోయిన చలికాలంలో కౌన్సిల్ సభ్యుడొకాయన పోతే, ఆ ఖాళీలోకి వస్తావా అని మేయర్ నారిస్ నన్ను అడిగాడు. మొదటిసారి అడగ్గానే సరేనన్నాను. దానికే ఊళ్ళో సగం మంది నొచ్చుకున్నారు.

కౌన్సిల్లోకి ఎందుకెళ్ళానో కూడా చెప్పాలి. నా బస్సులో వెనక వరసలు ఖాళీ అయ్యి చాలా ఏళ్ళయింది. ఇప్పుడు మధ్య వరసలు ఖాళీ అవుతున్నాయి. కిరాణా కొట్టు మూసేశారు, కార్ల షోరూమ్ మూసేశారు. ఇంకొంత మంది పిల్లలు తగ్గితే స్కూలు కూడా మూసి, ఉన్నవాళ్ళని పక్క ఊరు రైన్‌బెర్గ్‌కి పంపుతామని జిల్లావాళ్ళు చెప్పేశారు. ఊరు బతకాలంటే పని దొరకాలి, పని దొరికితే కుటుంబాలు వస్తాయి. ఇందులో తెలియని మర్మం ఏమీ లేదు.

అందుకే ఒఫీలియా బారియెంతోస్ నాకు ఊరు బతికే దారిలా కనిపించింది. ఆవిడా, భర్త రొహేలియో ఆరేళ్ళ కిందట టెక్సాస్ నుంచి టర్కీ కోళ్ళ ఫ్యాక్టరీలో పనికి వచ్చారు. ముగ్గురు పిల్లలూ నా బస్సే ఎక్కుతారు. ఒఫీలియా చేసే మొక్కజొన్న టోర్టియాలు, పల్చటి ఆ రొట్టెలు, వేడిగా ఒకటి తిన్నవాళ్ళు ఇక కొట్లో అమ్మే అట్టముక్కల మొహం చూడరు. లూథరన్ చర్చి కింద ఉన్న పెద్ద వంటగదిని అద్దెకు తీసుకుని వారానికి రెండుసార్లు చేసేది. చిక్కేమిటంటే, ఎవరైనా పోతే అంత్యక్రియల భోజనాలకు ఆ వంటగది ఇచ్చేయాలి. మా ఊళ్ళో పెళ్ళిళ్ళ కన్నా అవే ఎక్కువ. నానబెట్టిన మొక్కజొన్నలు బకెట్లలో పట్టుకుని ఆవిడ చర్చి గుమ్మంలో నిలబడటం, లోపల ముసలమ్మలు హామ్ శాండ్‌విచ్‌లు పేర్చుకుంటూ "అయ్యో తల్లీ, ఇవాళా?" అని బాధపడటం నేను చాలాసార్లు చూశాను.

చుట్టుపక్కల పెద్ద ఊళ్ళ కొట్లవాళ్ళు ఆవిడ సరుకు కావాలన్నారు. అయితే మంచు పడేలోగా సొంత చోటు చూపించాలన్నారు. ఆ చోటు కూడా ఉంది. మూతపడ్డ కార్ల షోరూమ్ పన్ను కట్టక ఊరి చేతికే వచ్చింది. మంచి నేల, నీళ్ళు, వెనక లారీ ఆగే జాగా. కాకపోతే ఆ స్థలంలో బళ్ళ వ్యాపారం తప్ప వేరే ఏదీ పెట్టకూడదని ఎప్పటిదో ఒక నిబంధన ఉంది. కౌన్సిల్ చేతులెత్తి ఓటేస్తే అది పోతుంది. ఒఫీలియాకి వెళ్ళి అడగమని చెప్పింది నేనే. పదిమందికి పైగా పని దొరుకుతుంది, ఆ పదిమందికీ పిల్లలుంటారు అని నా లెక్క.

మార్చిలో మొదటిసారి వచ్చింది. అందరికీ తలా నాలుగు టోర్టియాలు గుడ్డలో చుట్టి తెచ్చింది. కౌన్సిల్లో మేం అయిదుగురం. నారిస్ ధాన్యం గిడ్డంగి చూస్తాడు, పక్కన డ్వేన్ వ్యవసాయం పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. మిగతా ఇద్దరూ నారిస్, డ్వేన్ ఎటంటే అటు.

"బ్రహ్మాండంగా ఉందమ్మా ఆలోచన," అన్నాడు నారిస్. "ఇలాంటివాళ్ళే కావాలి మనకి. ఏమంటావు డ్వేన్?"

"అదే కదా నేననేది," అన్నాడు డ్వేన్. "చాలా బాగుంది. తొందరపడకుండా, అన్నీ చూసుకుని చేస్తే ఇంకా బాగుంటుంది."

"వచ్చే నెల ఒకసారి కూర్చుని చూద్దాం మరి," అన్నాడు నారిస్. అందరూ నవ్వుతూ తలలూపారు. నేనొక్కదాన్ని ఇప్పుడే చేతులెత్తుదాం అన్నాను. నా మాట విననట్టు ఊరుకోవడం కూడా వాళ్ళకు మర్యాదగానే వచ్చు.

బయటికొచ్చాక ఒఫీలియా మొహం వెలిగిపోతోంది. "ఒప్పుకున్నట్టేగా లవాన్ గారూ?"

"ఒప్పుకోలేదు."

"అయితే కాదన్నారా?"

"కాదనలేదు."

"మరి ఏమన్నారు?"

పుట్టిన ఊరి తరఫున సంజాయిషీ చెప్పుకోవడం ఎంత చిరాకైన పనో ఆ రోజు తెలిసింది.

ఏప్రిల్లో మురుగు కాలువ సంగతి చూడాలన్నారు. చూశారు, బాగానే ఉంది. మేలో వాన కురిసి సమావేశానికి సరిపడా మంది రాలేదు. జూన్లో అందరూ చేపలు పట్టడానికి సరస్సుల మీదికి పోయారు. జులైలో మళ్ళీ పొగిడారు. ఆ పొగడ్త చూస్తే పోయినవాళ్ళ గురించి మాట్లాడుతున్నట్టు ఉంది. ప్రతిసారీ ఆవిడ గుడ్డలో చుట్టి టోర్టియాలు తెచ్చేది, ప్రతిసారీ మావాళ్ళు తినేవాళ్ళు. నాకు ఒళ్ళు మండిపోయేది.

మీరు వేరే ఏదో అనుకోవచ్చు, అందుకే చెబుతున్నాను. ఆవిడ మెక్సికన్ అని ఇలా చేశారా అని నేనూ అనుమానపడ్డాను. ఆ గాలి మా ఊళ్ళో అసలు లేదంటే అబద్ధమవుతుంది. కానీ మా సొంతవాడు, మా అందరిలాగే నాలుగు తరాల కిందట నార్వే నుంచి వచ్చిన కుటుంబంవాడు, పడవలు బాగుచేసే కొట్టు పెడతానని వస్తే వాణ్ణీ ఇలాగే పొగిడి పొగిడి ఊరు దాటించారు. మావాళ్ళకు లంచాలు లేవు, పగలు లేవు. కాదని చెప్పలేరు, అవునని చెబితే ఇంకెవరైనా నొచ్చుకుంటారేమోనని అదీ చెప్పలేరు. ఇలా ఎవరి మనసూ నొప్పించకుండా ఊరిని చంపుకుంటున్నారు.

ఆగస్టులో ఒక ఉదయం కాఫీ హోటల్లో నారిస్‌ని పట్టుకున్నాను. ఇద్దరం ఒకే తరగతిలో చదివాం, నా దగ్గర వాడి పెద్దరికాలు సాగవు.

"ఏమోయ్ నారిస్, ఒక్క ముక్కలో చెప్పు. షోరూమ్ ఇస్తున్నావా, లేదా?"

"నాదేముంది లవాన్? నాకు ఇష్టమే."

"మరి డ్వేన్‌కా?"

"డ్వేన్‌కీ ఇష్టమే."

"మరి ఎవడికిరా బాబూ కష్టం?"

వాడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఆర్లిస్ గారికి. పక్క ఇల్లు ఆవిడదేగా. లారీలొస్తాయి, పొద్దున్నే చప్పుడు. ఈ వయసులో ఆవిడ్ని బాధపెడతామా? మా అమ్మ శవపేటిక పక్కన ఆర్గన్ వాయించిన మనిషి."

"ఆవిడ వద్దందా?"

"ఛ! ఆవిడ వద్దంటుందా ఎక్కడైనా? మొహం చూస్తే తెలీదూ."

"పోనీ నువ్వు అడిగావా?"

"ఎలా అడుగుతాం? అడిగితే పాపం ఆవిడ మొహమాటపడి సరేననేస్తుంది. అలా ఇరికించడం తప్పు కదా."

వాడు మనస్ఫూర్తిగానే అంటున్నాడు. అదే నా బాధ. దొంగతనం చేసేవాణ్ణి నిలదీయొచ్చు గానీ, మంచితనంతో తలుపు మూసేవాణ్ణి ఏం చేస్తాం? కప్పు అక్కడే వదిలి లేచాను.

ఆర్లిస్ గారికి ఎనభై దాటాయి. ఊళ్ళో చాలామందికి పియానో నేర్పింది. నాకూ నేర్పబోయింది గానీ మా ఇద్దరి అదృష్టం కొద్దీ నేను మానేశాను. తలుపు తీసి "కాఫీ?" అంది. మొదటిసారే "ఇవ్వండి" అన్నాను. ఆవిడ ఒక్క క్షణం తడబడి లోపలికి వెళ్ళింది.

"ఆర్లిస్ గారూ, ఒక సంగతి సూటిగా అడుగుతాను, ఏమనుకోకండి. పక్క షోరూమ్‌లో ఒఫీలియా టోర్టియాలు చేస్తే మీకేమైనా ఇబ్బందా?"

ఆవిడ కప్పు దించి నా మొహం చూసింది. "నీకు ఇబ్బందా?"

"నా సంగతి కాదండీ. మీ సంగతి."

"అది కాదు లవాన్. మీ కౌన్సిల్‌కి ఇష్టం లేదుగా. ఈస్టర్‌కి ముందు చర్చిలో కాఫీ దగ్గర నారిస్ అడిగాడు, 'లారీలవీ వస్తే మీకు కష్టమేమో కదండీ?' అని. మంచి కుర్రాడు, నోరు తెరిచి కాదనలేక నా పేరు చెప్పుకుని తప్పుకుందామనుకుంటున్నాడు కాబోలు అనుకున్నా. సాయం చేసినట్టుంటుందని 'ఏమో నాయనా, కష్టమేనేమో' అన్నా."

"నిజంగా కష్టమా?"

"నాకా?" ఆవిడ నవ్వింది. "నాకు సరిగ్గా వినపడదు కదే. షోరూమ్ మూసినప్పటి నుంచీ ఆ పక్కన అంతా చీకటి. సాయంత్రమైతే ఆ వైపు కిటికీ దగ్గరికి పోబుద్ధి కాదు. నలుగురు మనుషులు వస్తూ పోతూ ఉంటే నాకెంత బాగుంటుందో! మరి మీ అందరికీ ఇష్టం లేనిదాన్ని నేనెలా కావాలంటాను?"

నేను తల పట్టుకున్నాను. నారిస్ ఆవిడ కోసం ఆపాడు. ఆవిడ నారిస్ కోసం ఆపింది. మార్చి నుంచి ఒక ఆడమనిషి బకెట్లు మోసుకుంటూ చర్చి గుమ్మంలో నిలబడింది, ఎవరికీ లేని అభ్యంతరం కోసం. నవ్వొచ్చింది, అంతకన్నా ఎక్కువ ఏడుపొచ్చింది.

"మీరు వచ్చి ఈ మాట కౌన్సిల్లో చెప్పాలి," అన్నాను.

"అందరి ముందా? నారిస్ చిన్నబుచ్చుకోడూ?"

"చిన్నబుచ్చుకుంటే చిన్నబుచ్చుకోనివ్వండి. చచ్చిపోడు."

సెప్టెంబర్ సమావేశానికి ఆవిడ చర్చికి వేసుకునే నీలం కోటు వేసుకుని వచ్చింది. మా సమావేశాలకు మామూలుగా ఖాళీ కుర్చీలు తప్ప ఎవరూ రారు. ఆ రోజు కొంతమంది వచ్చారు. ఒఫీలియా వెనక వరసలో కూర్చుంది, పక్కన రొహేలియో. ఆ రోజు మాత్రం గుడ్డ మూట తేలేదు. అది నేను గమనించాను గానీ పట్టించుకోలేదు.

ఆర్లిస్ గారు కర్ర ఆనించుకుని లేచింది. "నాకు లారీల వల్ల ఏ బాధా లేదు," అంది. "నేనెప్పుడూ బాధ ఉందనుకోలేదు. ఆ అమ్మాయి వస్తే నాకు సంతోషం. ఈ మాట ముందే చెప్పాల్సింది." అంత పొడుగు మాట ఆవిడ జనం ముందు ఎప్పుడూ మాట్లాడలేదు.

నారిస్ చెవులు ఎర్రబడ్డాయి. డ్వేన్ గొంతు సవరించుకుని "అదే కదా నేననేది," అన్నాడు. నేను ప్రతిపాదించాను. ఈసారి అందరూ ఒకేసారి చేతులెత్తారు. ఎవరో చప్పట్లు మొదలెట్టారు. మా ఊళ్ళో కౌన్సిల్ నిర్ణయానికి చప్పట్లు కొట్టడం నేనెరగను. ఒఫీలియా ముందుకొచ్చి ఆర్లిస్ గారిని కావలించుకుంది. ఏడ్చింది. ఆర్లిస్ గారూ ఏడ్చింది. నారిస్ ఒఫీలియా చెయ్యి పట్టుకుని ఊపుతూనే ఉన్నాడు. ఆ రాత్రి నేను ఇంటికి పాడుకుంటూ వెళ్ళాను.

మర్నాడు పిల్లల్ని స్కూల్లో దింపేసి, నారిస్ దగ్గర షోరూమ్ తాళం తీసుకుని ఒఫీలియా ఇంటికి వెళ్ళాను. ఆ పొద్దున ఆవిడ పిల్లలు బస్సెక్కలేదు. ఒంట్లో బాగా లేదేమో అనుకున్నాను. ఇంటి ముందు అద్దె ట్రక్కు ఉంది. రొహేలియో, వాళ్ళ తమ్ముడూ పిండి రుబ్బే యంత్రాన్ని బల్లల మీద నుంచి ట్రక్కులోకి తోస్తున్నారు.

"అప్పుడే సర్దుతున్నారా? భలే!" అన్నాను. తాళంచెవి ఆవిడ ముందు ఊపాను. "ఇదిగో, నీ కోట తాళం."

ఆవిడ చెయ్యి చాపలేదు. "లోపలికి రండి లవాన్ గారూ. కాఫీ తాగుతారా?"

"ముందు ఏమైందో చెప్పు."

ఆవిడ మెట్టు మీద కూర్చుంది. నేను కూడా కూర్చున్నాను.

"మేం రైన్‌బెర్గ్ పోతున్నామండీ. రెండు వారాల కిందటే సంతకం పెట్టేశాం. మంచు పడేలోగా చోటు తయారవ్వాలంటే ఇక ఆగలేమన్నారు కొట్లవాళ్ళు. అక్కడి మేయర్ ఉన్నాడు చూడండీ, మహా మోటు మనిషి. నేను అడిగిన చోటు చూసి, 'ఇక్కడ కుదరదు, పక్కన స్కూలుంది, మతిలేదా నీకు?' అని నా మీద అరిచాడు. నాకు ఏడుపొచ్చేసింది. తిరిగి కారెక్కుతుంటే వెనకే వచ్చి, 'పాత పాల డిపో ఉంది, చూస్తావా, లేదా? నాకు టైము లేదు' అన్నాడు. ఆ సాయంత్రానికి తేలిపోయింది."

నాకు కోపం తన్నుకొచ్చింది.

"మరి నిన్న చెప్పొచ్చు కదా! అంతమంది ముందు ఆర్లిస్ గారు లేచి నిలబడి..."

"చెబుదామనే వచ్చానండీ! మీ అందరికీ థాంక్స్ చెప్పి, వెళ్ళిపోతున్నామని చెబుదామనే. ఇంతలో ఆవిడ కర్ర పట్టుకుని లేచింది. అందరూ చప్పట్లు కొడుతున్నారు, నారిస్ గారు నా చెయ్యి వదలడం లేదు. అంత సంతోషంగా ఉన్నవాళ్ళకి ఎలా చెప్పను? కొన్నాళ్ళు పోనిచ్చి, మెల్లిగా, ఎవరూ నొచ్చుకోకుండా..." ఆవిడ ఆగిపోయింది.

"ఎక్కడ నేర్చుకున్నావు తల్లీ ఇది?"

"ఆరేళ్ళుగా ఇక్కడే ఉన్నాం కదండీ," అంది ఒఫీలియా.

ఆవిడ వెటకారంగా అనలేదు. అలా అనుంటే నాకు కాస్త తేలికగా ఉండేది. మా ఊరికి ఆవిడకో గది ఇవ్వడం చేతకాలేదు గానీ, మా జబ్బు మాత్రం దగ్గరుండి అంటించాం.

"పిల్లలు అక్కడి స్కూల్లోనేనా?"

"అవునండీ. వాళ్ళకి మీ బస్సంటే ఇష్టం. రాత్రంతా ఏడ్చారు."

ట్రక్కు కదిలేదాకా ఉన్నాను. రొహేలియో నా చేతిలో వేడి టోర్టియాల పొట్లం పెట్టాడు. తర్వాత బస్సులో కూర్చుని నారిస్‌కి ఫోన్ చేసి జరిగింది చెప్పాను.

"ఒక్క నెల," అన్నాడు నారిస్. "ఒక్క నెల ముందు ఎవరో ఒకరం అడిగి ఉంటే..."

"అవును."

"లవాన్, ఆర్లిస్ గారికి ఇప్పుడే చెప్పకు. నిన్న ఎంత సంబరపడిందో చూశావుగా. తర్వాత ఎప్పుడైనా మెల్లిగా చెబుదాం. వచ్చే నెల చూసి..."

ఫోన్ పెట్టేశాను. వాడి మీద కోపం కూడా రాలేదు.

తిన్నగా ఆర్లిస్ గారింటికి వెళ్ళాను. తలుపు తీసే ఉంది. ముందుగదిలో వస్తువులన్నీ జరిపి ఉన్నాయి. పియానో పక్కనుండే పడక కుర్చీని ఆ ముసలి ప్రాణం ఒక్కతే ఎలా ఈడ్చిందో ఏమో, షోరూమ్ వైపు కిటికీ దగ్గరికి లాక్కుని కూర్చుని ఉంది. పరదా పూర్తిగా తీసేసి ఉంది. అద్దం తుడిచిన గుడ్డ ఇంకా ఒళ్ళోనే ఉంది.

"రావే, రా. ఎప్పుడొస్తున్నారు వాళ్ళు?" అంది.

నోట్లోకి ఎన్నో మెత్తటి మాటలు వచ్చాయి. అవన్నీ నాకు పుట్టుకతో వచ్చినవే. చూద్దాం అనొచ్చు. కొంచెం ఆలస్యమవుతుంది అనొచ్చు. చలికాలం గడవనివ్వండి అనొచ్చు. ఆవిడ ఈ కుర్చీలో కూర్చుని ఎదురుచూస్తూనే పోవచ్చు, ఎవరూ ఆవిడ్ని నొప్పించినట్టు ఉండదు.

"రారండీ," అన్నాను. "రైన్‌బెర్గ్ వెళ్ళిపోయారు. ఇక రారు."

ఆవిడ కిటికీ వైపే చూస్తూ ఉండిపోయింది. గుడ్డని చిన్నగా మడిచింది, ఇంకా చిన్నగా మడిచింది.

"అలాగా," అంది. కొంతసేపయ్యాక నా వైపు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఈ కుర్చీ నేను మళ్ళీ వెనక్కి జరపలేను లవాన్. ఓ చెయ్యి వెయ్యి."

ఇద్దరం చెరో పక్కా పట్టుకుని జరిపాం.